కంటికి కనబడి చెవికి వినబడని పత్రములు

రేడియోలో ప్రసంగించువారు "ఈ క్రింది పట్టికను చూడుడు" అని చెప్పరు. "ఎడమవైపు బొమ్మలో వలె" అనియు చెప్పరు. సంవత్సరము గాని, వెల గాని, ఊరి పేరు గాని, ఏది చెప్పవలసివచ్చినను మాటలోనే చెప్పవలెను. వినువాని కంటియెదుట కాగితము లేదను ఎఱుక ప్రసంగము వ్రాయునపుడే వ్రాయువానికి ఉండును. అందుచేతనే చూపు ఉన్నవారును లేనివారును రేడియో ముందు సమానముగా కూర్చుండగలుగుచున్నారు. కంప్యూటరులోను చేతిఫోనులోను వచ్చు పత్రముల విషయమున ఈ ఎఱుక మనకు ఇంకను కుదురలేదు. ఉద్యోగ ప్రకటనలు, ప్రభుత్వపు ఉత్తరువులు, బ్యాంకు లెక్కలు, పాఠశాలల సూచనలు, పాఠ్యపుస్తకములు, తుదకు పెండ్లి శుభలేఖలును నేడు ఆ దారినే వచ్చుచున్నవి. వానిని కంటితో చదువలేనివారి గతి ఏమి? వానిని తయారుచేయువారు ఏమి చేయవచ్చును? ఈ సంగతినే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. అందులో చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు సుమారు 50 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో అన్ని విధముల వైకల్యములు గలవారు కలసి 22 లక్షలకు పైబడిరి. వీరిని పిలుచు పేర్లు మాత్రము తరచుగా మారుచున్నవి. వికలాంగులనిరి, విభిన్న ప్రతిభావంతులనిరి, దివ్యాంగులనిరి. పేర్లు మారినంత వేగముగా వారి చేతికి వచ్చు పత్రములు మారలేదు.

చూపులేనివారు కంప్యూటరును ఎట్లు చదువుదురని ఆశ్చర్యపడువారు నేటికిని గలరు. తెరపై ఉన్న మాటలను పైకి చదివి వినిపించు సాధనమొకటి గలదు. దానిని స్క్రీన్ రీడర్ అందురు. అందులో ఎన్.వి.డి.ఎ. అను దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ప్రారంభించెను. జేమ్స్ టే ఆయనకు తోడయ్యెను. ఇద్దరును చూపులేనివారే. దానికి వెల లేదు. తెలుగును కూడ అది చదువును. ఆండ్రాయిడ్ ఫోనులలో పెక్కింటియందు టాక్‌బ్యాక్ అను సాధనము ముందుగనే అమర్చబడి వచ్చుచున్నది. అలవాటుపడినవారు దీని కంఠమును మన మాటల వేగమును మించిన వేగముతో నడపుకొని విందురు. ప్రక్కనున్నవారికి అది తేనెటీగల రొదవలె తోచునే గాని ఒక్క ముక్కయు బోధపడదు. వ్రేళ్లతో చదువువారికి మఱియొక సాధనము గలదు. అది బ్రెయిల్ చుక్కలు పైకి లేచుచు దిగుచు ఉండు పలక. 1951లో భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిల్ పద్ధతి ఏర్పడినది గనుక, తెలుగు కకారమును హిందీ కకారమును వ్రేలికి ఒక్కటే.

ఇన్ని సాధనములుండగా చిక్కెక్కడ వచ్చుచున్నది? పత్రము పుట్టిన తీరులో వచ్చుచున్నది. దీనిని కొంచెము వివరింపవలెను.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. అంకె మాత్రమే తెలియును. ప్రతి అక్షరమునకు ఒక అంకె నిర్ణయించి, ఆ అంకెను చూచినపుడు ఈ అక్షరమును తెరపై వ్రాయుమని దానికి నేర్పవలెను. లోకములోని లిపులన్నిటికిని ఇట్టి అంకెలను ఏర్పరుపబూనిన పద్ధతికి యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగు చోటు సంపాదించుకొన్నది. అందు 'క' కు 3093 అను అంకె. 'శ్రీ' అనునది మన కంటికి ఒక్క రూపము. యంత్రమునకు అది నాలుగు అంకెలు: శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. ఈ నాలుగును వరుసగా ఉన్నచో స్క్రీన్ రీడర్ 'శ్రీ' అని స్పష్టముగా పలుకును. అదే అంకెల వరుసను బ్రెయిల్ చుక్కలుగా మార్చవచ్చును. మసకచూపు గలవారి కొఱకు గుమ్మడికాయంత అక్షరములుగా పెంచవచ్చును. ఒక్కసారి కూర్చిన పత్రము ముగ్గురికిని పనికివచ్చును. వేఱువేఱుగ మూడు ప్రతులు తీయనక్కరలేదు.

ఇక మన కార్యాలయములలో జరుగుచున్న దానిని చూతము. గుమాస్తా ఉత్తరువును కంప్యూటరులో టైపు చేయును. ఆ క్షణమున అది అక్షరములతో కూడిన పత్రము, ఎవరైనను వినవచ్చును. తరువాత దానిని కాగితముపై అచ్చువేయుదురు. అధికారి సంతకము చేయును. ముద్ర పడును. ఆ కాగితమును స్కాను చేసి, పి.డి.ఎఫ్. రూపమున ప్రకటింతురు. ఇప్పుడు అందు అక్షరములు లేవు. అక్షరములవలె కనబడు నల్లని మరకలు గల ఛాయాచిత్రము మాత్రమే మిగిలినది. కన్నున్నవారికి భేదము తెలియదు. స్క్రీన్ రీడర్ దానిని తెరచి, పుటయంతయు ఖాళీ అనియో, ఇది బొమ్మ అనియో చెప్పి ఊరకుండును. సంతకము కొఱకు పత్రములోని ప్రాణము తీసినట్లయినది. సంతకము అక్కరలేదని మేము చెప్పుట లేదు. కంప్యూటరులోనే చేయదగిన డిజిటల్ సంతకము చట్టసమ్మతమై ఉన్నది. అది కుదరనిచోట, సంతకము గల బొమ్మతోపాటు టైపు చేసిన మూలప్రతిని కూడ ప్రకటించుటకు ఒక్క నిమిషము చాలును.

దీని ఫలితము ఎంత విపరీతముగా ఉండునో ఉద్యోగ ప్రకటనలను చూచిన తెలియును. అరువది డెబ్బది పుటల ప్రకటనలో ఎక్కడనో ఒకచోట, చూపులేని అభ్యర్థి పరీక్షకు స్క్రైబును, అనగా చెప్పినది వ్రాసిపెట్టు మనిషిని, వెంట తెచ్చుకొనవచ్చుననియు, వానికి అదనపు సమయము ఇత్తురనియు వ్రాసి ఉండును. ఆ పుట స్కాను చేసిన బొమ్మయైనచో, ఎవరికొఱకు ఆ నియమము వ్రాయబడినదో వారొక్కరే దానిని చదువలేరు. దరఖాస్తునకు గడువు ఎన్నడో తెలిసికొనుటకు ఇరుగుపొరుగువారిని పట్టుకొనవలెను. చదువుకొని, పరీక్షకు సిద్ధపడి, ఇంకొకరి తీరికకొఱకు కనిపెట్టుకొని ఉండుట ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. బ్యాంకు లెక్కయైనచో మఱియు కష్టము. తన ధనమెంత ఉన్నదో ముందుగ ఇతరులకు తెలిసి, పిదప తనకు తెలియును.

తెలుగునకు ప్రత్యేకమైన బాధ మఱియొకటి గలదు. యూనికోడ్ వాడుకలోనికి రాకముందు, డి.టి.పి. కేంద్రములు వెలసిన దినములలో, ఒక ఫాంటునందు 256 చోట్లు మాత్రమే ఉండెడివి. మన గుణింతములకు, వత్తులకు ఆ చోటు చాలదు. అందుచేత ఫాంటులు చేసినవారు అక్షరములను ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఒకచోట, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో సర్దిరి. ఆ కాలమునకు అది గొప్ప నేర్పే. తెలుగు పత్రికలును పుస్తకములును ఆ నేర్పు వలననే వేగముగా వెలువడినవి. కాని లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరముల అంకెలే. తెలుగు వేషము పైపైన మాత్రమే. కన్ను వేషమును చూచి మోసపోవును. స్క్రీన్ రీడర్ వేషమును చూడలేదు గనుక ఉన్నది ఉన్నట్లు చదువును. అంతట ప్రభుత్వ పథకమును గూర్చిన చక్కని తెలుగు వ్యాసము, అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, కామాలు, కుండలీకరణములుగ వినబడును. పైగా ఒక్కొక్క ఫాంటు సర్దుబాటు ఒక్కొక్క విధము. ఒకదానిని సరిదిద్దు సాధనము వేఱొకదానికి పనికిరాదు.

నేడు ఈ అవస్థ పడవలసిన పనిలేదు. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, ధూర్జటి, పెద్దన అను పేర్లతో యూనికోడ్ ఫాంటులు వెల లేకుండ లభించుచున్నవి. ఐనను పాత అలవాటు చేతిని వదలుట లేదు. శుభలేఖలకును కరపత్రములకును పాత ఫాంటులలోని ఒయ్యారపు అక్షరములే కావలెనని కోరువారు కోరుకొనవచ్చును. ప్రజల హక్కులను తెలుపు పత్రములకు ఆ ఒయ్యారము ఏల?

స్కాను చేసిన బొమ్మనుండి అక్షరములను గుర్తించు సాధనము ఉన్నది గదా యని కొందరందురు. ఉన్నది. దానిని ఓ.సి.ఆర్. అందురు. మునుపటికంటె అది తెలుగును చక్కగా గుర్తించుచున్నది. కాని అది చదువుట కాదు, ఊహించుట. 'ద' కును 'ధ' కును భేదము ఒక చిన్న గీత. 'ప' కును 'వ' కును భేదము తలకట్టు అంటుటలో ఉన్నది. కాగితము నలిగినను, ముద్ర అక్షరములపై పడినను ఊహ తప్పును. మన అనుస్వారమును, సున్న అంకెయు కంటికి ఇంచుమించు ఒక్కటే. 'పంట' అను మాటలోని అనుస్వారమునకు బదులు సున్న అంకె పడినచో కన్ను సరిగనే చదువును. చెవికి మాట విరిగిపోవును. కథలో ఇట్టి తప్పు దొరలినను పాఠకుడు సర్దుకొనును. మందు మోతాదులోను, ఖాతా అంకెలోను దొరలినచో ఎవరు సర్దుదురు? పాత పుస్తకములకు ఓ.సి.ఆర్. మహోపకారి. నిన్న టైపు చేసిన ఉత్తరువునకు దానిని వాడవలసివచ్చుట మాత్రము, ధాన్యము చేతిలో ఉంచుకొని పరిగె ఏరుకొనుట వంటిది.

అక్షరములు సరిగనే ఉన్నవనుకొందము. అంతటితో పని తీరలేదు. కన్నున్నవాడు పుటను ఆసాంతము చదువడు. పైనుండి క్రిందికి ఒకసారి చూపు జార్చి, పెద్ద అక్షరముల శీర్షికను పట్టుకొని, కావలసిన చోటికి పోవును. స్క్రీన్ రీడర్ వాడువారికిని ఆ వీలు గలదు. హెచ్ అను మీటను నొక్కిన కొలది ఒక శీర్షికనుండి మఱియొక శీర్షికకు దుముకవచ్చును. కాని పత్రము కూర్చినవారు ఆ పంక్తిని శీర్షికయని యంత్రమునకు చెప్పి ఉండవలెను. అక్షరములను లావుచేసి, పెద్దవిచేసి, క్రింద గీత గీచినచో అది కంటికి శీర్షికయే గాని యంత్రమునకు కాదు. వర్డ్ మొదలగు సాధనములలో 'హెడింగ్' అను శైలి గలదు. దానిని ఎంచుకొనుటకు పట్టుకాలము, లావుచేయుటకు పట్టుకాలముకంటె ఎక్కువ కాదు. ఆ చిన్న పని చేయకపోవుటచే, అరువది పుటల పత్రములో ఒక్క నియమము కొఱకు అభ్యర్థి అరువది పుటలును వినవలసివచ్చుచున్నది.

పట్టికలు మఱియు జాగ్రత్తగా కూర్పవలసినవి. పరీక్షల కాలపట్టికలో "10 గంటలు" అని వినబడినచో, అది ఏ దినమున, ఏ విషయమునకు? మొదటి వరుసను శీర్షిక వరుసగా గుర్తించినచో, గడినుండి గడికి పోవునపుడు యంత్రము ఆ వరుస పేరును కూడ చెప్పును. గడులను అందముకొఱకు కలిపివేసినచో లెక్క తప్పును. దరఖాస్తులలో పేరు వ్రాయుటకు మనము చుక్కల వరుస పెట్టుచుందుము. వినువానికి ఆ చుక్కలన్నియు ఒక్కొక్కటిగా లెక్కించి చెప్పబడుటయు కలదు. ఫోటోలు, చిత్రములు ఉన్నచో ప్రతిదానికి వెనుక ఒకటి రెండు వాక్యముల వర్ణన చేర్పవచ్చును. వర్ణన యనగా కవిత్వము కాదు. గ్రాఫు అయినచో అది ఏమి చూపుచున్నదో, ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గినదో చెప్పుటయే. ఇన్నియు చేసి, తుదకు పి.డి.ఎఫ్. చేయునపుడు 'ప్రింట్' అను దారిని పోయినచో చేసినదంతయు వ్యర్థమగుట గలదు. అమర్చిన శీర్షికల గుర్తులు రాలిపోవును. 'సేవ్ యాజ్' అను దారిని పోవలెను. ఇవి చిల్లర సంగతులుగ తోచవచ్చును. చిల్లర సంగతులలోనే తలుపు మూయబడుచున్నది గనుక చెప్పవలసివచ్చినది.

చూపులేనివారిని గూర్చియే ఎక్కువ చెప్పితిమి. మసకచూపు గలవారికి తెల్లని కాగితముపై పసుపుపచ్చని అక్షరములు కనబడవు. అక్షరపు వెలుగునకు వెనుకటి వెలుగునకు కనీసము నాలుగున్నర రెట్ల భేదముండవలెనని అంతర్జాతీయ సూత్రములు చెప్పుచున్నవి. రంగులను గుర్తింపలేనివారికి "ఎఱ్ఱరంగులో ఉన్నవి తప్పక నింపుడు" అను సూచన నిరర్థకము. వినికిడి లేనివారికి దృశ్యపాఠములలోని మాటలు తెరపై వ్రాతగా రావలెను. వారిలో అనేకులకు సంజ్ఞాభాషయే తల్లిభాష. భారతీయ సంజ్ఞాభాషకు 2018లో 3000 పదములతో వెలువడిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదములకు పెరిగినది. చేతులు స్వాధీనములో లేనివారు మౌసును కదల్పలేరు. మీటలతోనే పత్రము పూరింపగల వీలుండవలెను. ఇక ముఖమును చూచి మనిషిని పోల్చు యంత్రముల సంగతి వేఱు. అవి ప్రాణమున్న మనిషియేనని తెలిసికొనుటకు కన్ను ఆర్పుమని అడుగును. ఆమ్లదాడిచే కనురెప్పలు చెడిన స్త్రీ కన్నెట్లు ఆర్పును? ఈ ప్రశ్నయే సుప్రీము కోర్టు వఱకు పోయినది. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పుచు, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగములోని 21వ అధికరణమున జీవించు హక్కులో భాగమని నిర్ణయించినది.

చట్టము లేదనుటకు వీలులేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, సమాచారము వారికి అందు రూపమున ఉండవలెనని 42వ సెక్షనులో విధించినది. 2017 నాటి నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసి, వెబ్‌సైటులలో ఉంచు పత్రములు ఈపబ్ రూపమున గాని, ఓ.సి.ఆర్. చేసిన పి.డి.ఎఫ్. రూపమున గాని ఉండవలెనని పేర్కొన్నవి. కాని ఆ నియమము క్రింద చూపిన ప్రమాణములు పెక్కు సలహాల వలె మిగిలినవి. రాజీవ్ రటూరి అను చూపులేని వ్యక్తి వేసిన దావాలో 2024 నవంబరు 8న సుప్రీము కోర్టు ఈ లోపమును ఎత్తిచూపినది. చట్టము 'చేయవలెను' అని చెప్పగా నియమము 'చేసిన మంచిది' అని చెప్పుట చెల్లదని తేల్చి, తప్పనిసరి ప్రమాణములను మూడు మాసములలో ఏర్పరుపుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. ఈ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపఱచినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునకు చెందిన వైకల్య అధ్యయన కేంద్రము. తెలుగువారు సంతోషింపదగిన సంగతి ఇది.

పుస్తకముల విషయమున ఒకప్పుడు చట్టమే అడ్డు. గ్రంథకర్త అనుమతి లేక ప్రతి తీయరాదు. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, వైకల్యము గలవారి ఉపయోగము కొఱకు పుస్తకమును వారికి అందు రూపమునకు మార్చుటను అనుమతించిరి. మరుసటి సంవత్సరము మొరాకో దేశపు మరాకెష్ పట్టణమున ఇదే ఆశయముతో అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. 2014లో దానిని అందరికంటె ముందుగ ధ్రువీకరించినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అను డిజిటల్ గ్రంథాలయము వెలసినది. ఇపుడు కావలసినది అనుమతి కాదు, పనిచేయు చేతులు. పాత తెలుగు గ్రంథములు వేలకొలది స్కాను చేయబడి బొమ్మల రూపముననే ఉన్నవి. తెలుగు వికీసోర్సునందు కొందరు ఔత్సాహికులు ఓ.సి.ఆర్. ఊహించిన పాఠమును మూలముతో పోల్చి, పుట వెంట పుట దిద్దుచున్నారు. భాషాభిమానముతో వారు చేయుచున్న ఆ పని వలన, దిద్దిన ప్రతి పుటయు చూపులేని పాఠకునికి కూడ దక్కుచున్నది. తీరిక గల పదవీవిరమణ చేసిన పెద్దలకు ఇంతకంటె తగిన వ్యాపకము మాకు తోచుట లేదు.

ఇదంతయు కార్యాలయములకు సంబంధించినదని గృహస్థులు అనుకొనరాదు. పాఠశాలనుండి వచ్చిన సూచనను ఫోటో తీసి తల్లిదండ్రుల బృందములో వేయుదుము. అందరు తల్లిదండ్రులకును చూపు ఉండునని మనకెవరు చెప్పిరి? మనము పంపినది అవతలివారికి ఎట్లు వినబడునో తెలిసికొనుటకు సులభమైన ఉపాయమున్నది. ఫోనులో సెట్టింగులు తెరచి, యాక్సెసిబిలిటీ అను చోట టాక్‌బ్యాక్‌ను మేల్కొల్పి, కన్నులు మూసికొని ఆ పత్రమును తాకి చూడుడు. మొదట అది తికమక పెట్టును. ఒక తాకుడునకు చదువును, వెంటవెంట రెండు తాకినగాని తెరువదు. ఆపుట ఎట్లో ముందుగ చూచుకొని మొదలుపెట్టుట మేలు.

ఇంట పెండ్లి కుదిరినపుడు శుభలేఖను రంగుల బొమ్మగా వాట్సాప్‌లో పంపుచున్నాము. వినాయకుడు, మామిడాకుల తోరణము, బంగారు అక్షరములు అన్నియు అందుండును. చూపులేని మేనమామ ఫోను దానిని తెరచి "ఫోటో" అని ఒక్క మాట చెప్పును. పెండ్లి ఏ ఊరిలోనో, ముహూర్తము ఏనాడు ఎన్ని గంటలకో రెండు పంక్తులు ఆ బొమ్మ క్రింద తెలుగులో టైపు చేసి పంపినచో, ఆయన ఎవరిని అడుగకుండ తన రైలు టిక్కెట్టు తాను తీసికొనును.